నీలిపుస్తకము వ్రాసిన సంఘము

ఆంధ్రులు ఆరంభశూరులని యొక అపవాదు చిరకాలముగా మనపై నున్నది. అది మనకు మాత్రమే చెల్లునని మేమనజాలము. కాని మన గ్రంథాలయ సమాజముల చరిత్రను, సాహిత్యసభల చరిత్రను, పరోపకార సంఘముల చరిత్రను తిరుగవేసి చూచినచో, ఆ మాటను పూర్తిగా త్రోసివేయుటకును వీలులేదు. మొదటి వత్సరమున ఉత్సాహము. రెండవ వత్సరమున కార్యవర్గపు టెన్నికలలో కక్షలు. మూడవ వత్సరమున వార్షికోత్సవము మాత్రము. అటుపిమ్మట మిగులునది గుమ్మముమీది పేరుపలక. సంఘమును స్థాపించుట కేమి కావలయునో మన మెఱుగుదుము. స్థాపించిన సంఘముచేత ఏటేట పని చేయించుట కేమి కావలయునను ప్రశ్నకు మాత్రము మనలో సమాధానము అరుదుగా వినబడుచున్నది.

ఈ ప్రశ్నకు నీతివాక్యములలో సమాధానము వెదకుటకంటె, అట్లు పనిచేసిన యొక సంఘపు చరిత్రను పరిశీలించుట మేలని మాకు తోచినది. అందుకై మేము గైకొన్నది అమెరికా పశ్చిమతీరమున కాలిఫోర్నియా రాష్ట్రమందలి నిర్మాణపు టింజనీర్ల సంఘము. అందు పనిచేసిన ఉపసంఘములవారు జీతము తీసికొన్నవారు కారు. పగలెల్ల తమ కార్యాలయములలో పనిచేసికొని, సాయంకాలమున సమావేశమై, అంకెలను గూర్చి వాదించి, తీర్మానములు వ్రాసి యింటికి పోయినవారు. వారు వ్రాసిన నిబంధనలు వారి రాష్ట్రపు ఎల్లలు దాటి అనేకదేశములలో కట్టడములకు ప్రమాణమైనవి. మన దేశపు భూకంప నిబంధనావళిలో గూడ వాని జాడ యున్నది.

ముందుగా వీరి వృత్తిని గూర్చి యొకమాట. ఇల్లు ఏ రూపమున నుండవలయునో నిర్ణయించువాడు ఆర్కిటెక్టు. ఆ రూపము నిలుచునో కూలునో లెక్కకట్టి, స్తంభమెంత దూలమెంత యని తేల్చువాడు స్ట్రక్చరల్ ఇంజనీరు. కట్టడపు బరువు క్రిందికి దిగును. దానిని మోయుట యెట్లో మన ప్రాచీన శిల్పులకు చక్కగా తెలియును. భూకంపము మాత్రము కట్టడమును ప్రక్కకు లాగును. కారణమును గూర్చి మన పెద్దలును ఆలోచింపకపోలేదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో భూకంపమునకై యొక అధ్యాయమునే కేటాయించి, అది జలచరములవలన గలుగునని కొందఱు, దిగ్గజములవలన నని కొందఱు, వాయువుల సంఘర్షణమువలన నని కొందఱు, అదృష్టమువలన నని కొందఱు చెప్పుదురని పూర్వుల మతములను సంగ్రహించెను. అయితే భూమి కదలినపుడు గోడపై పడు బలమెంత, దానికి గోడ యెంత మందము కావలయును అను లెక్క ఆ కాలమున ఏ దేశమువారికిని లేదు. ఆ లెక్క ఇరువదవ శతాబ్దమున, అదియు ప్రాణనష్టమును మూల్యముగా చెల్లించి, సంపాదింపబడినది.

1906 ఏప్రిల్ 18వ తేదీ తెల్లవాఱుజామున సాన్ ఫ్రాన్సిస్కో నగరమున వచ్చిన భూకంపమును, దాని వెన్నంటి మూడు దినములు చెలరేగిన అగ్నియు నగరమును నాశనము చేసినవి. మృతుల సంఖ్య సుమారు 3000 అని నేటి చరిత్రకారులు లెక్కించుచున్నారు. నగరమును మరల కట్టుకొన్నపుడు అధికారులు భూకంపమునకు ప్రత్యేక నిబంధన వ్రాయలేదు. గాలి త్రోపు చదరపు టడుగుకు 30 పౌన్లుగా లెక్కించి కట్టిన చాలును, భూకంపమున కదియే సరిపోవునని తలచిరి. నగరమును కాల్చినది నిప్పు, కూల్చినది భూమి కాదు అని చెప్పుకొనుట వ్యాపారులకు ననుకూలముగా నుండెను. 1925 జూన్ 29న సాంటా బార్బరా పట్టణము కంపించినపుడు గాని ఆ మౌనము కొంత సడలలేదు. 1927లో పసిఫిక్ తీరపు కట్టడముల అధికారులు ప్రకటించిన నిబంధనావళిలో భూకంపమును గూర్చిన ప్రకరణమొకటి చేరినది. అదియు అనుబంధముగా మాత్రమే. ఇష్టమైన పట్టణము గైకొనవచ్చును, లేనిచో విడువవచ్చును.

సంఘము పుట్టుటకు ప్రేరణ భూకంపమునుండి మాత్రమే రాలేదు. 1928 మార్చి 12వ తేదీ అర్ధరాత్రికి ముందు లాస్ ఏంజెలెస్ నగరమునకు నీరిచ్చు సెయింట్ ఫ్రాన్సిస్ ఆనకట్ట తెగి, నాలుగువందలకు పైగా ప్రజలు కొట్టుకొనిపోయిరి. ఆ ఆనకట్టను నిర్మించిన విలియం మల్‌హాలండ్ నగరమునకు మహోపకారము చేసినవాడు, స్వయంకృషిచే పైకి వచ్చినవాడు. కాని పునాదిరాతి విషయమున ఆయన నిర్ణయమును సరిచూచు వ్యవస్థ లేకపోయెను. ఎంతటి మహానుభావుని లెక్కనైనను వేఱొకరు సరిచూడవలయునను బుద్ధి ఆ రాత్రితో పుట్టెను. 1929లో ఇంజనీర్ల నమోదు శాసనము వచ్చెను. ఆ యేడే దక్షిణ కాలిఫోర్నియా నిర్మాణపు టింజనీర్లు సంఘముగా నేర్పడిరి. 1930లో ఉత్తరమువారు నట్లే చేసిరి. పిమ్మట ఈ ప్రాంతీయ సంఘములన్నియు రాష్ట్రసంఘముగా కూడినవి. ఇపుడు ఉత్తరము, మధ్యము, దక్షిణము, శాన్ డియేగో అని నాలుగు అంగములు కలవు.

ఆ సంఘములకు బాల్యమునందే పరీక్ష వచ్చెను. 1933 మార్చి 10వ తేదీ సాయంకాలము 5 గంటల 54 నిమిషములకు లాంగ్ బీచి పట్టణము కంపించెను. సుమారు 120 మంది మరణించిరి. కాని ఆ సంఖ్యకంటె తల్లిదండ్రుల గుండెలను ఝల్లుమనిపించినది మఱియొకటి. సుమారు 70 పాఠశాలలు నేలమట్టమయ్యెను. మఱి 120 పాఠశాలలు తీవ్రముగా దెబ్బతినెను. బడి విడిచి కొన్ని గంటలైనది కనుక పిల్లలు తరగతులలో లేరు. అదే కంపము మధ్యాహ్నమున వచ్చియున్నచో ఏమగునో చెప్ప నక్కఱలేదు. బడిలో పాఠము చెప్పు మావంటివారికి ఈ సంగతి చదువునపుడు పైకప్పు వంకకు దృష్టి పోక మానదు. నెల తిరుగగానే, ఏప్రిల్ 10వ తేదీన, ఫీల్డు శాసనము వచ్చెను. ప్రభుత్వ పాఠశాల కట్టవలయునన్న దాని నకాసాలను రాష్ట్రపు ఇంజనీర్లు పరిశీలించి అంగీకరింపవలయును; కట్టునపుడు ఆద్యంతము పరీక్షకుడు చూచుచుండవలయును. ఆ సంవత్సరమే వచ్చిన రైలీ శాసనము తక్కిన కట్టడములలో అధికభాగమునకు బరువులో నూటికి 2 వంతుల పార్శ్వబలమును తట్టుకొను శక్తి యుండవలయునని విధించెను.

శాసనము ఒక సంఖ్యను చెప్పును. ఆ సంఖ్య యెందుకు, అన్ని కట్టడములకు నొకటియేనా, అను ప్రశ్నలు శాసనసభలో తేలునవి కావు. ఇక్కడనే ఉపసంఘముల పని మొదలైనది. 1933నాటి కంపమున తొలిసారిగా భూమియొక్క బలమైన కదలికను యంత్రములు గీతలుగా నమోదు చేసినవి. ఆ గీతలను చదివినకొలది ఒక విషయము స్పష్టమయ్యెను. పొట్టి కట్టడము త్వరత్వరగా ఊగును. పొడవైన కట్టడము నెమ్మదిగా ఊగును. ఊగుకాలమును బట్టి దానిపై పడు బలము మాఱును. కావున ఇల్లును పదునెనిమిది అంతస్తుల మేడయు ఒకే వంతున లెక్కింపరాదు. 1948లో ఉత్తర కాలిఫోర్నియా సంఘమును, అమెరికా సివిల్ ఇంజనీర్ల సమాజపు సాన్ ఫ్రాన్సిస్కో శాఖయు కలిసి యొక సంయుక్త ఉపసంఘమును నియమించినవి. వారి నివేదిక 1951లో వెలువడి, ఊగుకాలమునకును బలమునకును గల సంబంధమును నిబంధనా రూపమున చూపెను.

అయినను చిక్కు తీరలేదు. లాస్ ఏంజెలెస్‌ది ఒక నియమము, సాన్ ఫ్రాన్సిస్కోది ఒక నియమము, తక్కిన పట్టణములది వేఱొకటి. ఒకే రాష్ట్రమున ఒకే భూమిపై మూడు లెక్కలు! ఉత్తరమువారికిని దక్షిణమువారికిని అభిప్రాయభేదములు తక్కువవి కావు. రాష్ట్రసంఘపు భూకంప ఉపసంఘము ఈ భేదముల నడుమ కూర్చుండి, అంగీకారమునకు వచ్చి, 1959లో పార్శ్వబలములను గూర్చిన సిఫారసులను చిన్న గ్రంథముగా ప్రకటించెను. అట్ట నీలిరంగుది గనుక దానికి నీలిపుస్తకమను పేరు నిలిచిపోయినది. దానిలోని మూలసూత్రము విద్యార్థికి సైతము బోధపడునంత సరళమైనది. కట్టడపు బరువు ఒకటి. ఊగుకాలమును బట్టి వచ్చు గుణకము ఒకటి. నిర్మాణవిధానమును బట్టి వచ్చు గుణకము ఒకటి. ఈ మూటిని గుణించిన వచ్చునది కట్టడము తట్టుకొనవలసిన పార్శ్వబలము. ఈ మూడవ గుణకమే వారి ముఖ్యమైన నూతన భావము. విఱుగక వంగగల చట్రమునకు 0.67, గోడలే బరువును మోయుచు పార్శ్వబలమును గూడ తట్టుకొనవలసిన పెట్టెవంటి కట్టడమునకు 1.33. అనగా వంగగలవానికి శిక్ష తక్కువ, బిఱుసైనవానికి ఎక్కువ. 1961లో ఈ సిఫారసులు పశ్చిమ రాష్ట్రములు గైకొను ఏకరూప నిబంధనావళిలో చేరినవి. 1962లో మన దేశమున తొలి భూకంప నిబంధనావళి వెలువడినది. దాని 1984నాటి కూర్పున అదే జాతి గుణకము అదే అక్షరముతో కనబడుచున్నది.

ఆ పుస్తకమునకు వ్రాసిన వ్యాఖ్యలో ఉపసంఘమువారు తమ ఉద్దేశమును దాపఱికము లేక చెప్పిరి. చిన్న కంపమునకు కట్టడము చెడరాదు. మధ్యరకపు కంపమునకు గోడలు పగులవచ్చును గాని చట్రము చెడరాదు. మహాకంపమునకు కట్టడము చెడవచ్చును గాని కూలి మనుష్యులను చంపరాదు. ఈ మూడవ వాక్యమును జనసామాన్యము సరిగా గ్రహింపలేదు. నిబంధన ప్రకారము కట్టిన యిల్లు కంపము తరువాతను నివాసయోగ్యముగా నుండునని యజమాని తలచును. దానిలోనివారు ప్రాణములతో బయటపడుదురని మాత్రమే ఇంజనీరు మాట యిచ్చినాడు. ఈ వ్యత్యాసమును ప్రజలకు విప్పిచెప్పుట నేటికిని ఆ సంఘమునకు తీరని బాధ్యతగానే యున్నది.

ఇక ఏటేటి పని యెట్లు సాగునో చెప్పవలయును. ప్రాంతీయ సంఘమునకు ఏటేట కొత్త అధ్యక్షుడు వచ్చును. కార్యవర్గములో కొందఱు మాఱుదురు. భూకంపము, పాతకట్టడములు, విపత్సమయ సేవ మొదలగు విషయములకు వేర్వేఱు ఉపసంఘములు గలవు. వానిలో చేరువారు స్వచ్ఛందముగా చేరుదురు. ప్రాంతపు ఉపసంఘములు తమ ప్రతినిధులను రాష్ట్రపు ఉపసంఘమునకు పంపును. ప్రతివత్సరమును రాష్ట్రమహాసభ జరుగును. అందు వ్యాసములు చదువబడి సంపుటముగా అచ్చగును. నిబంధనావళి మూడేండ్లకొకసారి కొత్త కూర్పుగా వచ్చును గనుక, ఆ గడువే ఉపసంఘములకు పంచాంగము. అధ్యక్షుడు దిగిపోయినను విషయము దిగిపోదు. ఒక యేటి ఉపసంఘము సగము వ్రాసిన ప్రకరణమును మఱుసటి యేటివారు పూర్తిచేయుదురు. నలువది యేండ్ల అనుభవము గల వృద్ధుడును, నిన్న మొన్న కళాశాల విడిచిన యువకుడును ఒకే బల్లయొద్ద కూర్చుండుటవలన విద్య తరమునుండి తరమునకు దిగుచున్నది. మన గురుకులములందు శుశ్రూషచే జరిగినది ఇచ్చట తీర్మానముల చర్చచే జరుగుచున్నది.

ఇట్టి పనిని కేవలము స్తుతించి విడుచుట చరిత్రకారుని ధర్మము కాదు. దానిపై గల ఆక్షేపణలను గూడ చూడవలయును.

మొదటి ఆక్షేపణ: కట్టడములవలన జీవించువారే కట్టడములకు నియమములు వ్రాయవచ్చునా? ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. కాని ఉపసంఘమువారి వ్రాత పేరునకును స్వభావమునకును సిఫారసు మాత్రమే. దానిని శాసనముగా చేయునది నగరసభ లేక రాష్ట్రము. వ్రాసినదంతయు అచ్చై, ఎవరైనను ఖండించుటకు బహిరంగముగా నుండెను. అధికారము లేకుండుటయే వారి మాటకు గౌరవమును తెచ్చినదని మా యభిప్రాయము.

రెండవ ఆక్షేపణ: వారు సదా ఆపద గడచిన పిమ్మటనే మేల్కొనిరి. దీనికి చరిత్రయే సాక్షి. 1971 ఫిబ్రవరి 9వ తేదీ ఉదయము ఆఱు గంటలకు సాన్ ఫెర్నాండో లోయ కంపించినపుడు, కొత్తగా కట్టిన ఆలివ్ వ్యూ ఆసుపత్రి క్రింది యంతస్తు స్తంభములు చితికి, మెట్ల గోపురములు విడివడి పడిపోయెను. మొత్తము మృతులు 60 మందికి పైగా నుండగా, వారిలో అధికులు 1933కు పూర్వము కట్టిన మాజీసైనికుల ఆసుపత్రిలోనివారు. పాతదియు కూలినది, కొత్తదియు చెడినది. కాంక్రీటులోని ఇనుపచువ్వల అమరిక చాలలేదని తేలి నిబంధనలు కఠినతరములయ్యెను. సాయంకాలపు తీరికలో ఇంతపని సాగదని గుర్తించి, రాష్ట్రసంఘము పూనుకొని 1973లో అప్లైడ్ టెక్నాలజీ కౌన్సిలను ప్రత్యేక సంస్థను నెలకొల్పెను. ఆ సంస్థ 1989లో ప్రకటించిన యొక చిన్నపుస్తకము, భూకంపానంతరము కట్టడములను పరీక్షించి ఎఱ్ఱ, పసుపు, పచ్చ చీటీలు అంటించు పద్ధతిని నేర్పెను. ఎఱ్ఱచీటీ యున్న ఇంట కాలుపెట్టరాదు. పసుపుచీటీకి ప్రవేశము పరిమితము. పచ్చచీటీకి నిర్బంధము లేదు. పుస్తకము వెలువడిన కొలదివారములకే, అక్టోబరు 17న, లోమా ప్రియేటా కంపము వచ్చి 63 మందిని బలిగొన్నది. అపుడు స్వచ్ఛందముగా వచ్చిన ఇంజనీర్లు ఆ పుస్తకము చేతబట్టి వీధివీధి తిరిగిరి. ఆపదకంటె ముందుగా పని ముగిసిన సందర్భము ఈ చరిత్రలో ఇదియొకటి.

మూడవ ఆక్షేపణ అన్నిటికంటె తీవ్రమైనది: ఉపసంఘమువారి నమ్మకమే తప్పైనచో? 1994 జనవరి 17వ తేదీ తెల్లవాఱుజామున 4 గంటల 31 నిమిషములకు నార్త్‌రిడ్జి కంపము వచ్చెను. ఉక్కు చట్రపు మేడలు అన్నిటికంటె సురక్షితములని అంతవఱకు అందఱును నమ్మియుండిరి. స్తంభమును దూలమును అతుకు పద్ధతిని నిబంధనావళియే నిర్దేశించి యుండెను. ఆ మేడలలో ఒకటియు కూలలేదు. కాని గోడలు విప్పి చూడగా నూఱుకు పైగా మేడలలో ఆ యతుకులే బీటలు వాఱియుండెను. వంగుననుకొన్నది విఱిగినది! సంఘము దీనిని కప్పిపుచ్చలేదు. ఆ సంవత్సరముననే ఆ నిర్దేశము నిబంధనావళినుండి తొలగింపబడెను. రాష్ట్రసంఘము, పైని చెప్పిన కౌన్సిలు, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయముల పరిశోధనసంస్థ అను మూడును కలిసి, తమ ఆద్యక్షరములతో సాక్ అను పేరు పెట్టుకొని, ప్రభుత్వధనముతో ఆఱేండ్లు పరిశోధించి, 2000లో కొత్త సూచనలు ప్రకటించినవి. తాము వ్రాసిన వాక్యమును తామే కొట్టివేయగల సంఘమునకే మఱియొక వాక్యము వ్రాయు నర్హత కలుగును.

నాలుగవది: కొత్త నియమము పాత యిల్లును రక్షింపదు. ఫీల్డు శాసనమునకు ముందు కట్టిన బడులనే పూర్తిగా తొలగించుటకో బలపఱచుటకో 1970 దశకము వఱకు పట్టెను. చువ్వలు లేని ఇటుక కట్టడములకై లాస్ ఏంజెలెస్ నగరము 1981లోను, రాష్ట్రము 1986లోను శాసనములు చేసెను. క్రింద బండ్లు నిలుపుటకు ఖాళీ విడిచి పైన కొయ్య యంతస్తులు వేసిన ఇండ్లను బలపఱుపవలయునని సాన్ ఫ్రాన్సిస్కో 2013లోను, లాస్ ఏంజెలెస్ 2015లోను ఆజ్ఞాపించినవి. ఎవరు ఖర్చు పెట్టవలయును, అద్దెకున్న పేదవాని గతి యేమి అను ప్రశ్నలు ఇంజనీరు లెక్కలకు లొంగవు. అయినను, ఏ యిల్లు ముందుగా కూలునో చెప్పువాడు లేనిచో ఆ ప్రశ్నలు పుట్టనే పుట్టవు.

2000లో అమెరికా యంతటికి నొకే నిబంధనావళి ఏర్పడుటతో, కాలిఫోర్నియా సంఘపు ఏకచ్ఛత్రాధిపత్యము ముగిసినది. నీలిపుస్తకపు ఏడవ కూర్పు 1999లో వచ్చినది. అటుపై అది వ్యాసములుగా వెలువడెను. నియమములు వ్రాయుటనుండి నియమములను విమర్శించుటకు సంఘపు పని జరిగినది. దీనిని క్షీణదశయని కొందఱందురు. పుస్తకము బిడ్డవలె పెరిగి యిల్లు విడిచినదని మే మందుము.

ఈ చరిత్రతో మనకు ప్రసక్తి లేదనువారికి నాలుగు తేదీలు చెప్పి ముగింతుము. 1967 మార్చి 27న ఒంగోలు కంపించెను. 1969 ఏప్రిల్ 13న భద్రాచలము కంపించెను. 1993 సెప్టెంబరు 30న లాతూరు ప్రాంతమున రాతిగోడలు నిద్రించుచున్న వేలమందిపై పడెను. 2001 జనవరి 26న భుజ్ కంపమున, కేంద్రమునకు ఎంతో దూరమందున్న అహ్మదాబాదులో గూడ క్రింద ఖాళీస్తంభములపై లేపిన మేడలు కుప్పకూలెను. అప్పటికి మన నిబంధనావళి పుట్టి 38 ఏండ్లు దాటెను. నిబంధన లేక వారు చావలేదు. దానిని ఏటేట చేతబట్టి వీధిలోనికి తెచ్చువారు చాలక చచ్చిరి. విజయవాడ, హైదరాబాదు, విశాఖపట్టణములలో అట్టి ఖాళీస్తంభములపైని మేడలు వీధివీధినను గలవు. మన నగరములలో ఇంజనీర్లున్నారు, వారికి సంఘములును గలవు. ఆ సంఘములేగాక, గ్రామమందలి గ్రంథాలయ సంఘము సైతము, వార్షికోత్సవ దినమున పూలమాలలకు ముందు గత యేటి తీర్మానముల పుస్తకమును తెఱచి, అందు ముగియని పని యేదో చదివి, దానిని ఈ యేడు ఎవరు చేయుదురో పేరు వ్రాసికొన్నచో, ఆరంభశూరులమను అపవాదు క్రమముగా తొలగును. మన యూరి బడి పైకప్పును ఒకసారి ఇంజనీరుచే పరీక్షింపజేయుట ఆ పనులలో మొదటిదిగా నుండవలయునని మా విన్నపము.